టీకా పట్టే ఒళ్లు, పట్టని ఒళ్లు

పల్నాటి ఊళ్లలో యాభై దాటిన వాళ్ల చేతులు చూడండి. రూపాయి బిళ్లంత మచ్చ ఒకటి ఉంటుంది. మశూచికి వేసిన టీకా గుర్తు అది. టీకాలవాళ్లు ఊళ్లోకి వచ్చి చేయి గీకి వెళ్లాక ఇంట్లో పెద్దవాళ్లు కొన్ని రోజులు ఆ చోటు చూస్తూ ఉండేవారు. పొక్కితే ‘టీకా పట్టింది’ అనేవారు. పొక్కకపోతే పట్టలేదన్నమాట, మళ్లీ వేయించుకోవాల్సిందే. అంతకు మించిన పరీక్ష అక్కర్లేదు. పట్టిందీ పట్టనిదీ ఒంటి మీదే రాసి ఉండేది.

ఇప్పుడు కిడ్నీ మార్పించుకున్న మనిషి డాక్టరును అడిగేదీ ఆ మాటే. ‘ఇన్ని మందులేసుకునే ఒంటికి టీకా పడుతుందా?’ ఈ ప్రశ్నకు మచ్చ లేదు, పొక్కు లేదు. జవాబు రక్తంలో ఉంటుంది. ఆ జవాబు కోసం గత ఐదారేళ్లలో ప్రపంచం చాలానే వెతికింది. ఏం దొరికింది, అందులో మాచర్ల, గురజాల, నరసరావుపేట మనిషికి పనికొచ్చేది ఎంత అన్నది చూద్దాం.

కిడ్నీ మార్పిడి అనే మాట పల్నాడుకు కొత్తది కాదు. చెడు దారిలో ముందే పరిచయమైంది. 2000 ప్రాంతంలో రెంటచింతల రైతులు పత్తి, మిరప దెబ్బతిని, అప్పులు తీర్చలేక కిడ్నీలు అమ్ముకున్న సంగతి దేశమంతా పత్రికలకెక్కింది. 2017లో నరసరావుపేటలో నకిలీ పత్రాలతో కిడ్నీ బేరం నడిపిన వ్యవహారం పోలీసు కేసయింది. అందువల్ల ఇక్కడ కిడ్నీ కథంటే ఇచ్చినవాడి కథే. పెట్టించుకున్నవాడు ఆ తర్వాత ఎలా బతుకుతున్నాడన్నది ఎవరూ పెద్దగా రాయలేదు. ఈలోగా కాలం మారింది. 2016లో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. జీవన్‌దాన్ పథకం కింద బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలు వరుస ప్రకారం అందుతున్నాయి. కిడ్నీ, లివర్, గుండె మార్పించుకున్నవారికి రాష్ట్రం 2024 జులై నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. అంటే వీళ్లు ఇప్పుడు సర్కారు లెక్కలోకి వచ్చిన మనుషులు. టీకా లెక్కలోకి మాత్రం ఇంకా రాలేదు.

అసలు చిక్కు ఎక్కడుంది? కొత్త కిడ్నీ ఎంత దగ్గరి చుట్టానిదైనా ఒంటికి పరాయిదే. తరిమేయాలని చూస్తుంది. ఆ తరిమే గుణాన్ని అణచడానికే జీవితాంతం మాత్రలు. ఈ మందుల పుట్టుక వింటే ఆశ్చర్యమేస్తుంది, సగం మట్టిలో పుట్టినవే. సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలో దొరికిన బూజు నుంచి, టాక్రోలిమస్ జపాన్‌లోని సుకుబా దగ్గరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, సిరోలిమస్ పసిఫిక్ మధ్యలో ఉన్న ఈస్టర్ దీవి మట్టి నుంచి వచ్చాయి. టాక్రోలిమస్ టి కణాలను మేలుకోనివ్వదు. మైకోఫెనొలేట్ వాటిని, బి కణాలను పిల్లలు పెట్టనివ్వదు. స్టెరాయిడ్ మొత్తం సందడినే తగ్గిస్తుంది. టీకా పని చేయాలంటే కావాల్సింది సరిగ్గా ఈ సందడే. టీకా లోపలికి వెళ్లి ‘దొంగ ముఖం ఇదీ’ అని చూపించాలి, టి కణం మేలుకోవాలి, బి కణానికి సాయం చేయాలి, అది వేలకు వేలై యాంటీబాడీలు తయారుచేయాలి. కాపలా కుక్కకు మూతి కట్టి, దొంగను వాసన పట్టమన్నట్టుంటుంది వ్యవహారం. మూతి విప్పితే ఇంటికి వచ్చిన చుట్టాన్నే కరుస్తుంది.

కోవిడ్ రాకముందు ఈ సంగతి నెఫ్రాలజిస్టులకు తెలుసు, జనానికి తెలియదు. 2021లో అంకెలు బయటపడ్డాయి. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అవయవ మార్పిడి అయిన 658 మందిని చూస్తే, ఎంఆర్‌ఎన్‌ఏ టీకా రెండు డోసులు పడ్డాక కూడా 54 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. మామూలు మనుషుల్లో అది దాదాపు నూటికి నూరు. ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో 101 మందికి మూడు డోసులిచ్చి చూస్తే తొలి డోసు తర్వాత 4 శాతం, రెండో దాని తర్వాత 40, మూడో దాని తర్వాత 68 శాతం. టొరాంటోలో ఇంకాస్త గట్టిగా చూశారు. 120 మందిలో సగం మందికి మూడో డోసు, సగం మందికి ఉత్త సెలైన్. రక్షణకు సరిపోతుందనుకున్న మట్టానికి చేరింది మూడో డోసు వాళ్లలో 55 శాతం, సెలైన్ వాళ్లలో 18 శాతం.

కాబట్టి మొదటి పాఠం తేలిగ్గానే తేలింది. పట్టకపోతే మళ్లీ వేయాలి. మన టీకాలవాళ్లు మశూచి రోజుల్లో చేసిందీ అదే.

కానీ ఆ తేలిక పాఠం మన దగ్గర ఎలా అమలైందో చూడండి. అమెరికాలో మార్పిడి వాళ్లకు మూడో డోసు అనుమతి 2021 ఆగస్టులో వచ్చింది. మన దేశంలో ‘ముందు జాగ్రత్త డోసు’ 2022 జనవరి 10న మొదలైంది, అదీ వైద్య సిబ్బందికి, ముందు వరుస ఉద్యోగులకు, ఇతర జబ్బులున్న అరవై దాటినవాళ్లకు. మన వైపు కిడ్నీ పోయేది అరవై దాటాకే కాదు. ముప్పై, నలభైల్లో డయాలసిస్ బల్ల ఎక్కేవాళ్లు ఎందరో. కిడ్నీ మార్పించుకున్న నలభై ఏళ్ల మనిషికి వరుస వచ్చింది 2022 ఏప్రిల్‌లో, 18 దాటిన అందరితోపాటు, అదీ ప్రైవేటు కేంద్రాల్లో డబ్బు కట్టి. అప్పటికి డెల్టా వెళ్లిపోయింది, ఒమిక్రాన్ కూడా ఊళ్లు చుట్టేసి పోయింది. వయసును బట్టి గీసిన గీతలో జబ్బును బట్టి గీయాల్సిన గీత కలిసిపోయింది. ఇంకో మాట. పైన చెప్పిన అంకెలన్నీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలవి. మన చేతులకు పడింది ఎక్కువగా కోవిషీల్డ్, కోవాగ్జిన్. అక్కడి శాతాలను ఇక్కడికి తెచ్చి అతికించుకోవడం కుదరదు.

మళ్లీ వేయడం ఒక దారి. మందు బలం పెంచడం రెండో దారి. దీనికి ఈ మధ్య వచ్చిన మంచి రుజువు ఫ్లూ టీకాది. స్విట్జర్లాండ్, స్పెయిన్ ఆసుపత్రుల్లో 619 మంది మార్పిడి రోగులను మూడు భాగాలు చేశారు. మామూలు ఫ్లూ టీకా వేసినవాళ్లలో 42 శాతం స్పందించారు. స్పందనను రెచ్చగొట్టే ఎంఎఫ్59 అనే దినుసు కలిపిన టీకాకు 60 శాతం. నాలుగు రెట్ల మందు ఉన్న హై డోస్ టీకాకు 66 శాతం. తేడా కంటికి కనిపించేంత ఉంది, ఒళ్లు కొత్త అవయవం మీద తిరగబడుతుందన్న భయమూ నిజం కాలేదు. సర్పికి వచ్చిన కొత్త టీకాదీ ఇదే దారి. అందులో బతికున్న వైరస్ ఉండదు, గట్టి దినుసు ఉంటుంది. కిడ్నీ మార్పిడి అయిన 264 మందిపై జరిగిన పరీక్షలో, టీకా పడినవాళ్లలో నూటికి ఎనభై మంది స్పందించారు. ఈ టీకా 2023లో మన మార్కెట్లోకి వచ్చింది. ఒక్కో డోసు వేలల్లో ఉంటుంది, రెండు డోసులు కావాలి. ఒక నెల పింఛను మొత్తం దానికే పోయినా రెండో డోసుకు మళ్లీ తడుముకోవాలి. మార్పిడి మందులు వాడేవాళ్లకు సర్పి లేస్తే ఆ మంట నెలల తరబడి ఉండొచ్చని తెలిసినవాళ్లు ఆ ఖర్చుకు కూడా సిద్ధపడతారు. కానీ ఎవరైనా చెబితే కదా.

మూడో దారి టీకాలు మార్చి మార్చి వేయడం. వియన్నాలో 200 మందితో చూశారు. రెండు ఎంఆర్‌ఎన్‌ఏ డోసులకు స్పందించని వాళ్లలో కొందరికి మళ్లీ అదే, కొందరికి వేరే రకం వేశారు. స్పందించింది వరుసగా 35 శాతం, 42 శాతం. ఆ తేడా తేడా అనిపించుకునేంతది కాదు. ఈ దారిని అక్కడితో వదిలేయొచ్చు.

నాలుగో దారి దగ్గర కాస్త ఆగాలి, మనవాడి పేరు వస్తుంది కనక. మూతి కట్టింది మందే అయితే, టీకా వేసే నాలుగు రోజులు ఆ మందే ఆపితే? ఈ ఆలోచనకు బలం కీళ్లవాతం వైపు నుంచి వచ్చింది. ఆ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్‌ను కోవిడ్ బూస్టర్ తర్వాత రెండు వారాలు ఆపితే యాంటీబాడీలు రెట్టింపుకు పైగా పెరిగాయని బ్రిటన్‌లో 2022లో తేల్చారు. ఆ మెథోట్రెక్సేట్ లెడర్లీ ప్రయోగశాలలో ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం నుంచి వచ్చిందే. భీమవరంలో పుట్టి 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన మనిషి. క్యాన్సర్ కణం గుణించకుండా ఫోలిక్ ఆమ్లం దారి మూసిన ఆలోచనలో ఆయనదీ పెద్ద పాత్రే. మార్పిడిలో తొలి దశాబ్దాల్లో వాడిన అజాథయోప్రిన్, ఇప్పటి మైకోఫెనొలేట్ కూడా అదే కుదురు ఆలోచనలు: కణం రెండు కావడానికి కావాల్సిన ముడిసరుకు అందనివ్వకపోవడం.

కీళ్లవాతంలో కుదిరింది మార్పిడిలో కుదిరిందా? బెర్లిన్‌లో 29 మందికి మైకోఫెనొలేట్ కొన్నాళ్లు ఆపి నాలుగో డోసు వేస్తే 76 శాతం స్పందించారు. ఆశ లేచింది. కానీ అందులో పోల్చి చూసే రెండో గుంపును చీటీ వేసి విడదీయలేదు. నెదర్లాండ్స్‌లో చీటీ వేసి, డోసుకు ముందు వారం, తర్వాత వారం మందు ఆపి చూస్తే, ఆపనివాళ్లకంటే లాభం కనిపించలేదు. డోసు రెండింతలు చేసినా, టీకా రకం మార్చినా అంతే. కీళ్లవాతంలో మందు ఆపితే మోకాలు వాస్తుంది, మళ్లీ మొదలుపెడితే తగ్గుతుంది. మార్పిడిలో ఆపితే పోయేది కిడ్నీ. తల్లి ఇచ్చిన కిడ్నీయో, జీవన్‌దాన్‌లో ఏళ్లు కాచుకున్నాక వచ్చిన కిడ్నీయో. పెద్ద ఆసుపత్రిలో, వారం వారం రక్త పరీక్షలు చేసే చోట, డాక్టరు చెబితే అది వేరే సంగతి. ‘టీకా కోసం మాత్ర రెండు వారాలు ఆపమన్నారంట’ అని చెవులు మారి మాచర్ల చేరితే మాత్రం ప్రమాదమే. గుంటూరు అక్కడికి నూరు కిలోమీటర్ల పైమాట. కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే క్రియాటినిన్ పెరిగినట్టు తెలిసేసరికి పొద్దుపోతుంది.

ఇన్ని దారులు తిరిగాక నాకు మిగిలిన అభిప్రాయం ఒకటే. మన దగ్గర ఈ ప్రశ్నకు అన్నిటికంటే మంచి జవాబు మార్పిడి తర్వాత లేదు, ముందు ఉంది. పొలంలో పదును చూసి విత్తినట్టు, ఒళ్లు ఇంకా పట్టే స్థితిలో ఉండగానే టీకా వేయాలి. డయాలసిస్‌లో ఉన్న మనిషి ఒళ్లు కూడా అంత చురుకైనది కాదు. రక్తంలో పేరుకున్న యూరియా లాంటి వ్యర్థాలు దాన్నీ మొద్దుబారుస్తాయి. అయినా టాక్రోలిమస్ వేసుకునే ఒంటికంటే నయం. కిడ్నీ పాడవుతున్నట్టు తెలిసిన తొలి రోజుల్లో ఇంకా నయం.

దీనికి హెపటైటిస్ బి టీకాకంటే మంచి సాక్ష్యం లేదు. డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు ఏ కేంద్రమైనా దీన్ని అడుగుతుంది, రక్తం ద్వారా పాకే జబ్బు కాబట్టి. ఇక్కడ డోసు మామూలు పెద్దవాళ్లకంటే రెండింతలు, 40 మైక్రోగ్రాములు. మొదటి రోజు, నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు. తర్వాత నెలా రెండు నెలలకు రక్త పరీక్ష చేసి యాంటీబాడీ 10 యూనిట్లు దాటిందో లేదో చూడాలి. దాటకపోతే మొత్తం కోర్సు మళ్లీ. అంటే మోతాదు పెంచడం, మళ్లీ వేయడం, పట్టిందో లేదో చూడటం, ఇవన్నీ కోవిడ్ నేర్పిన కొత్త పాఠాలేం కావు. డయాలసిస్ గదిలో ఎప్పటి నుంచో గోడకు అంటించి ఉన్నవే. ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచే రావాల్సి ఉండేది. 1997లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచి షాన్‌వాక్-బి తెచ్చాకే సామాన్యుడి అందుబాటుకు వచ్చింది. పిల్లల టీకాల జాబితాలోకి దేశమంతా చేరేసరికి 2011 అయింది. ఇవాళ డయాలసిస్‌లో ఉన్న నలభై ఏళ్ల మనిషి చిన్నప్పుడు ఈ టీకాను సర్కారు జాబితాలో వేయించుకునే అవకాశమే లేదు.

మరి హెపటైటిస్ బిని అంత పట్టుగా అడిగే చోట మిగతావి ఎందుకు అడగరు? హెపటైటిస్ బి టీకా డయాలసిస్ యంత్రాన్నీ, పక్క బల్ల మీది రోగినీ కాపాడుతుంది. న్యుమోనియా టీకా, ఫ్లూ టీకా, సర్పి టీకా కాపాడేది ముఖ్యంగా ఆ ఒక్క రోగిని, అదీ రేపు మార్పిడి అయ్యాక మరీ ఎక్కువగా. రేపటి పనిని ఇవాళ చేసే అలవాటు మన ఆసుపత్రి ఫైళ్లకు లేదు. పైగా సర్కారు ఉచిత టీకాల్లో చాలావరకు పిల్లలకు, గర్భిణులకే. పెద్దవాళ్ల టీకా అంటే చాలామటుకు జేబులోంచి పెట్టుకోవాల్సిందే.

ముందే వేయాలనడానికి ఇంకో గట్టి కారణం ఉంది. బతికున్న క్రిమిని బలహీనపరిచి చేసే టీకాలు, అంటే ఆటలమ్మకు, తట్టుకు వేసేవి, మార్పిడి తర్వాత వేయకూడదు. వేస్తే ఆ బలహీన క్రిమే ఒంట్లో బలపడొచ్చు. మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే అవి పూర్తి కావాలి. ఆటలమ్మ టీకా సర్కారు జాబితాలో ఇప్పటికీ లేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లకు దిగుల్లేదు. పోయనివాడు కిడ్నీ పెట్టించుకున్న ఏడాదికి మేనల్లుడి నుంచి అంటించుకుంటే అది ‘అమ్మవారు చల్లగా దిగిపోయే’ రకం కాదు. ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. మార్పిడికి ముందు ‘ఆటలమ్మ పోసిందా?’ అని అమ్మను అడగడం ఎంత చిన్న పని!

చనిపోయిన క్రిమితోనో దాని ముక్కతోనో చేసిన టీకాలు మార్పిడి తర్వాతా వేయొచ్చు. ఇది మన దగ్గర పల్లె డాక్టర్లు కూడా చాలామంది తప్పుగా అనుకునే చోటు. ‘కిడ్నీ ఆపరేషన్ అయినవాళ్లకు టీకాలు వద్దు’ అని తిప్పి పంపేస్తారు, భయంతోనే, చెడ్డతనంతో కాదు. సాధారణంగా ఫ్లూ టీకాను నెల తర్వాత నుంచే వేస్తారు, మిగతావాటికి మూడు నుంచి ఆరు నెలలు ఆగుతారు. బి కణాలను తుడిచిపెట్టే రిటుక్సిమాబ్ లాంటి మందు పడి ఉంటే ఇంకా ఆగుతారు. టీకా వల్ల ఒళ్లు కిడ్నీ మీద తిరగబడుతుందన్నది పెద్ద అధ్యయనాల్లో నిలబడలేదు. ఫ్లూ వస్తే తిరగబడొచ్చన్న భయానికే ఎక్కువ ఆధారం ఉంది. పూర్తిగా పట్టని టీకా కూడా ఊరికే పోదు. యాంటీబాడీ అంతగా కనిపించని ఒంట్లోనూ టి కణాలు కొంత గుర్తు పెట్టుకుంటాయి. టొరాంటో బృందం ఆరు వందల మందికి పైగా ఫ్లూ వచ్చిన మార్పిడి రోగులను ఐదేళ్లపాటు గమనిస్తే, ఆ ఏడు టీకా వేయించుకున్నవాళ్లలో న్యుమోనియా తక్కువ, జబ్బు తీవ్రత తక్కువ.

మన వైపు ఫ్లూకు రెండు కార్లు. ఒకటి వానల్లో, రెండోది సంక్రాంతి దాటాక. కోటప్పకొండ తిరునాళ్లకు జనం విరగబడేది ఈ రెండో కారులోనే. ఏటా వానలకు ముందే, మే నెలలోనే, టీకా వేయించుకుంటే పట్టడానికి వ్యవధి ఉంటుంది. ఆ తిరునాళ్లలో ప్రభ కింద నిలబడాలనుకునే మార్పిడి మనిషికి మాస్కు కూడా తప్పదు.

ఫ్లూ మాట వచ్చింది కాబట్టి, 2025 మార్చిలో నరసరావుపేట పసిబిడ్డ ఒకరు బర్డ్ ఫ్లూతో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయిన సంగతి ఇక్కడి వాళ్లు మరచిపోలేదు. పచ్చి కోడిమాంసం నోట్లో పెట్టుకోవడం వల్ల కావచ్చని అప్పట్లో చెప్పారు. ఏటా వేసే ఫ్లూ టీకా దానికి అడ్డు కాదు. కోళ్లు కోసే చోటికి, పచ్చి మాంసం కడిగే పనికి మార్పిడి మనిషిని దూరం పెట్టడమే దానికి టీకా.

కుక్క కాటు ఇంకో నిత్యపు గొడవ. రేబిస్ టీకా చనిపోయిన వైరస్‌తో చేసింది, మార్పిడి వాళ్లకు ఎప్పుడైనా వేయొచ్చు, వేయాల్సిందే. కాకపోతే వీళ్ల విషయంలో, రక్తం రాని చిన్న గీరుకు కూడా టీకాతోపాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వాలి, తర్వాత యాంటీబాడీ చూసుకోవాలి. పీహెచ్‌సీలో చీటీ రాయించుకునేటప్పుడు ‘నాకు కిడ్నీ మార్చారు’ అన్న ఒక్క మాట చెప్పకపోతే అవతలివాళ్లకు తెలిసే దారి లేదు.

ఆ ఒంటికి టీకా సరిగా పట్టనప్పుడు చుట్టూ ఉన్న ఒళ్లకు పట్టించాలి. భార్య, కొడుకు, కోడలు, ఎదురింటి అత్తయ్య అందరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటే మార్పిడి మనిషికి అదో కంచె. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఇక్కడో మెలిక ఉంది. భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్ చుక్కలను 2016లో దేశంలో తొలుత అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. అది, పల్స్ పోలియో చుక్కలు, రెండూ బతికున్న క్రిమితో చేసినవే. ఆ క్రిములు కొన్ని వారాలు బిడ్డ మలంలో బయటికి వస్తుంటాయి. బిడ్డకు చుక్కలు మానిపించక్కర్లేదు, మానిపించకూడదు కూడా. పోలియోకు ఇంజెక్షన్ రూపంలో ఉన్న టీకా సంగతి డాక్టరును అడగొచ్చు. మార్పిడి అయిన తాతయ్య కొన్నాళ్లు మనవడి గుడ్డలు మార్చే పని పక్కన పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది. మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

డయాలసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు, సారికి నాలుగు గంటలు. నెలకు నలభై గంటలకు దగ్గరగా ఆ మనిషి నర్సు కళ్లెదుటే పడుకుని ఉంటాడు. ఫిస్టులా ఉన్న చేతికి గొట్టాలు బిగించి ఉంటాయి, ఆ చేతికి వేరే సూది వేయకూడదు. రెండో భుజం ఖాళీగానే ఉంటుంది. ఫైలు తెరిస్తే హెపటైటిస్ బి గడిలో తేదీలు కనిపిస్తాయి. దాని కింద ఫ్లూకు, న్యుమోనియాకు, ఆటలమ్మకు, సర్పికి నాలుగు గడులు గీయడానికి స్కేలు, పెన్ను చాలు.